ఒళ్ళో తొమ్మిది గుడ్లు

కదలకూడదు. ముక్కు దురద పెడుతోంది, పెట్టనీ. ఎడమ కాలు తిమ్మిరెక్కింది, ఎక్కనీ. బనీను లోపల, ఒంటికి ఆనించి, పొట్ట చుట్టూ తొమ్మిది టర్కీ కోడి గుడ్లు పెట్టుకున్నాను. పైన స్వెట్టరు, దాని అంచు ప్యాంటులోకి దోపి, ఆ పైన నా రెండు చేతులు. గట్టిగా తుమ్మితే చాలు, ఒకదానికొకటి తగిలి చిట్లిపోతాయి. వీటి తల్లేమో పక్కింటి రేకుల కప్పు మీద మెడ నిక్కించుకుని నిలబడి నన్ను నానా మాటలూ తిడుతోంది. అరవై మూడేళ్ళ మగవాణ్ణి, ముప్పై నాలుగేళ్ళు పెద్దాస్పత్రి బాయిలరు నడిపినవాణ్ణి, మంచు ఇంకా విడవని పొద్దున కోళ్ళ షెడ్డులో గడ్డి మీద కాళ్ళు చాపుకుని పొదుగుకి కూర్చున్నాను. ఎవరైనా చూస్తే పడీ పడీ నవ్వుతారు. నవ్వుకోనీ, నాకేం, నవ్వేవాళ్ళు తలుపు మాత్రం తీయకుండా ఉంటే చాలు, గాలి వస్తోంది.

తప్పు నాది కాదు. కాదా? కోడి మా ఆవిడది. దొరసాని అని పేరు పెట్టింది మాత్రం నేనే, ఆ నడక చూసి. అడుగు తీసి అడుగు వేయడానికి ముందు చుట్టూ ఒకసారి చూస్తుంది, అందరూ చూస్తున్నారా లేదా అని. ఏ కోడైనా ఎండాకాలం ముందు గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. ఈ మహాతల్లి సరిగ్గా చలి మొదలయ్యాక కూర్చుంది. పక్కింటి కాంపౌండరు, పశువుల ఆస్పత్రిలో పనిచేసే మనిషి, గోడ మీంచి తొంగి చూసి, "ఈ చలికి పిల్లలు నిలవవండీ, గుడ్లు తీసేసి దాన్ని చన్నీళ్ళలో నాలుగు ముంచులు ముంచండి, పొదుగు వదిలేస్తుంది" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. బకెట్టు నింపాను కూడా. ఆవిడ ఆ బకెట్టు ఎత్తి అరటి మొదట్లో పోసేసింది. "అది కూర్చుంటానంటే లేపడానికి మనమెవరం?" అంది. అనడమే కాదు, షెడ్డు గోడల సందులన్నీ గోనెపట్టాలతో మూసింది, చెక్కపెట్టెలో గడ్డి రెండింతలు పరిచింది, నా పాత మఫ్లరు ఒకటి నన్నడగకుండానే పెట్టె అడుగున వేసింది. పదకొండు గుడ్లు. పదో రోజున టార్చిలైటు వెనక పెట్టి చూసి రెండు వట్టివని తీసేసింది. మిగతా తొమ్మిదిట్లోనూ ఎర్రటి నరాలు కనిపించాయి, నాకూ చూపించింది, నేను ఊఁ అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

తరవాత వాళ్ళక్కకి కంటి ఆపరేషనయింది, వంగకూడదన్నారు, ఈవిడ అక్కడికి వెళ్ళింది. వెళుతూ వెళుతూ క్యాలెండరు కాగితం వెనక రాసి మేకుకి గుచ్చి పోయింది. ఇక్కణ్ణించి కనిపిస్తూనే ఉంది ఆ కాగితం. రోజూ తెల్లారాక దొరసానిని దించాలట, లేకపోతే తిండి మానేసి కూర్చునే చస్తుందట. మొక్కజొన్నలు, గోరువెచ్చని నీళ్ళు, పదిహేను నిమిషాలు, అంతలోపు గుడ్ల మీద దుప్పటి ముక్క కప్పాలి. ఇరవయ్యారో రోజు నుంచి మాత్రం దించకూడదు, దాని జోలికి వెళ్ళకూడదు, నీళ్ళూ గింజలూ పెట్టె పక్కనే పెట్టాలి. చివరి లైను కింద గీత గీసింది: మీ తెలివి ఉపయోగించొద్దు. చూశారా మరి. ప్రెషరు గేజీ ముందు ముప్పై నాలుగేళ్ళు నిలబడ్డవాడికి, సూది ఒక్క గీత పక్కకి జరిగితే నిద్దట్లో కూడా లేచేవాడికి, గింజలు వేయడం రాదని.

రోజూ దించాను. బుద్ధిగా దిగేది. దిగీ దిగగానే పేడంత రెట్ట వేసేది, అబ్బ, ఆ కంపు! గబగబా నాలుగు గింజలు మింగి, మళ్ళీ తనంతట తానే పెట్టెలోకి వెళ్ళిపోయేది. ఇవాళ మాత్రం దిగనంది. చేతులు కింద పెట్టబోతే పొడిచింది. పాములా బుసకొట్టింది. నాకూ ఒళ్ళు మండింది, ఇరవై అయిదో రోజే కదా, ఇవాళ్టికి ఇంకా దించాలి కదా, నీ పొగరు నా దగ్గరా అని రెక్కలు నొక్కిపట్టి ఎత్తాను. ఎత్తి బయట పెట్టాను. పెట్టానో లేదో రొట్టెల దుకాణం వాళ్ళ కుక్క గేటు కింద నుంచి దూరి వచ్చి భౌమంది. అంతే, అంత బరువు మనిషి, మనిషేమిటి, కోడి, గోడ మీదికీ అక్కణ్ణించి రేకుల మీదికీ ఎగిరిపోయింది. రా తల్లీ, రా అమ్మా, నిన్నేమీ అనను రా. పది నిమిషాలు బతిమాలాను. గింజలు చల్లాను. దిగితేనా. ఇటు చూస్తే పెట్టెలో గుడ్లు, దుప్పటి ముక్క కింద చెయ్యి పెట్టి చూస్తే అప్పటికే చల్లబడుతున్నాయి. ఏం చేస్తున్నానో తెలిసే లోపల ఒక్కొక్కటే తీసి బనీనులో వేసుకున్నాను.

కాంపౌండరు వచ్చి షెడ్డు తలుపు ఓరగా తీసి తలకాయ పెట్టాడు. నా అవతారం పైనుంచి కిందిదాకా చూశాడు. "వేడినీళ్ళ సంచీ తెమ్మంటారా?" అన్నాడు చివరికి, పాపం, నవ్వు ఆపుకుంటూనే. వద్దన్నాను. సంచీలో నీళ్ళు మొదట మరీ కాలిపోతాయి, కాసేపటికి చల్లారిపోతాయి. చల్లబడితే ఓర్చుకుంటుందేమో గానీ వేడి ఎక్కువైతే గుడ్డులో ఉన్నది అక్కడికక్కడే పోతుంది, ఆవిరి పనిలో మొదట నేర్పేది అదే, తక్కువకి భయపడు, ఎక్కువకి ఇంకా భయపడు. మనిషి ఒళ్ళు అలా కాదు. తొంభై ఎనిమిది, పైన కొంచెం. పెట్ట కింద గుడ్లకి తగిలేది దానికంటే ఇంకో డిగ్రీ, డిగ్రీన్నర ఎక్కువ. ఆ డిగ్రీన్నర నేను ఎక్కణ్ణించి తేగలను? "పోనీ కర్ర పెట్టి దాన్ని తరమనా?" అన్నాడు. "తరిమితే ఊరవతల తేలుతుంది. నువ్వెళ్ళి ముందు ఆ కుక్కని కట్టేయించు నాయనా, పుణ్యముంటుంది" అన్నాను. వెళ్ళాడు. అతను వెళ్ళాక ఎంత నిశ్శబ్దం. రేకుల మీద దొరసాని గోళ్ళ చప్పుడు, ఎక్కడో ఎవరో బొగ్గు ఎత్తిపోస్తున్నారు, కాదు, రోడ్డు మీద ఎవరో ఇసుక పారతో ఎత్తుతున్నారు, అదీ బొగ్గు పార చప్పుడులాగే ఉంటుంది. బొగ్గు పార. ఇప్పుడా సంగతి ఎందుకు.

బరువుగా ఉన్నాయి. మొదట ఒంటికి తగిలినప్పుడు చల్లగా జిల్లుమన్నాయి, ఇప్పుడు ఏది గుడ్డో ఏది నా పొట్టో తెలియడం లేదు. ఇంత బరువు మోస్తూ ఆవిడ మెట్లెలా ఎక్కేదో. ఏడో నెల. రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టు దగ్గరా ఆగేది, ఆగి, పొట్ట కింద చెయ్యి వేసి, ఇదిగో ఇప్పుడు నేను వేసుకున్నట్టే వేసి, నా వంక చూసి నవ్వేది. నేను ముందు పోయేవాణ్ణి, షిఫ్టుకి టైమవుతోందని. ఎప్పుడూ ముందు పోవడమే. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆవిడ చేతిలో సంచీ అయినా అందుకోలేదే. అయ్యో రామా, కాలు బిగుసుకుపోతోంది. వేళ్ళు కదిలిస్తే చాలు, పాదం మాత్రమే, మోకాలు వద్దు. అలా. మెల్లగా.

ఏదో తట్టింది. కాదు, నా కడుపే అయి ఉంటుంది, పొద్దున్నుంచి టీ కూడా పడలేదు. మళ్ళీ. కుడి పక్క, పక్కటెముక కింద. చప్పుడు కాదు, లోపల్నుంచి చిన్న కదలిక. తరవాత చప్పుడూ వచ్చింది. కీచుమని, అంత సన్నంగా, ముందు రేకుల మీదేమో అనుకున్నాను, కాదు, నా స్వెట్టరులో. గుడ్డులో. పెంకు ఇంకా పగల్లేదు, లోపలే ఉండి పిలుస్తోంది. ఇరవై అయిదో రోజున అరవదే, ఇరవయ్యారు దాటాలి కదా అనుకుంటూ కాగితం వంక చూశాను. ఆవిడ అది కూర్చున్న తేదీ చుట్టూ సున్నా చుట్టి ఒకటి అని వేసింది. ఒకటి! నేను ఆ రోజుని లెక్కే పెట్టలేదు. చల్లటి బాయిలరు వెలిగించిన రోజుని మేం లెక్కలోకి తీసుకోం. ఇటుకలు వేడెక్కి ఆవిరి పట్టేదాకా అది సున్నా రోజు, మర్నాడు పొద్దున షిఫ్టు నుంచే ఒకటో రోజు, లాగ్‌బుక్కులో అలాగే రాస్తాం, జీవితమంతా అలాగే రాశాను. ఓరి దేవుడా. ఇవాళే ఇరవయ్యారు. అందుకే దిగనంది. పొట్ట కింద పిల్ల పిలుస్తుంటే ఎలా దిగుతుంది, అందుకే పొడిచింది, పొగరు కాదు, పొగరు నాది. పిలుస్తున్న పిల్ల మీద నుంచి తల్లిని రెక్కలు పట్టుకుని లాగేశాను.

పిలిస్తే ఏం చేయాలో కోడికి తెలుసు. నాకు తెలియలేదు. ముప్పై ఒక్కేళ్ళయింది, ఇలాంటి చలే, ఇంకా ఎక్కువ చలి, ఆస్పత్రి కుళాయిలు గడ్డకట్టిన పొద్దున. ఏడో నెలకే నొప్పులొచ్చి ఆవిడని రెండో అంతస్తులో చేర్చారు, నేను కింద బాయిలరు రూములో ఉన్నాను, మా ఇద్దరి మధ్యా నలభై మెట్లు. ఆయా దిగి వచ్చింది, గుమ్మంలోనే నిలబడింది, లోపల ఎప్పుడూ అడుగు పెట్టేది కాదు మసికి భయపడి. "బాబూ, మీ ఆవిడ రమ్మంటోంది, మాటిమాటికీ పిలుస్తోంది" అంది. వస్తున్నానని చెప్పమన్నాను. గేజీ వంక చూశాను. సూది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మళ్ళీ గంటకి మళ్ళీ వచ్చింది ఆయా, మళ్ళీ వస్తున్నానన్నాను. బాయిలరు వదిలి పోకూడదు, నిబంధన, నన్ను డ్యూటీ దించాల్సిన రిలీవరు ఆ రోజు రాలేదు, బస్సులు తిరగలేదు. ఇదే చెప్పాను అందరికీ. అమ్మకి చెప్పాను, వాళ్ళక్కకి చెప్పాను, నాకు నేను చెప్పుకున్నాను, అందులో అబద్ధం ఏముంది, నిజంగానే అతను రాలేదు. కానీ బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉన్నాడుగా. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నాకు పని నేర్పినవాడు, "నువ్వు పోయి రా, నేను చూస్తా" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు, నా ముఖం చూశాడు, పార పక్కన పెట్టి బయటికెళ్ళి బీడీ ముట్టించాడు. నేను పోలేదు. భయమేసింది. పైన ఏం చూడాల్సి వస్తుందో తెలిసిపోయింది, అది చూడటం నా వల్ల కాదనిపించింది, అంతే, ఇంకే కారణమూ లేదు. మెట్లు ఎక్కే బదులు బొగ్గు వేశాను. వేశాను, వేశాను, సూది ఎర్రగీత అంచుకి వచ్చేదాకా వేసి, రెండో అంతస్తు వార్డుకి వేడి వెళ్ళే వాల్వు ఒక్కటీ పూర్తిగా తెరిచేశాను. నేను పైకి వెళ్ళేసరికి మధ్యాహ్నం. అంతా అయిపోయింది. ఆడపిల్లట. తీసుకెళ్ళిపోయారట. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, గోడ వెంట పోయే, గుడ్డ చుట్టిన ఆవిరి గొట్టం మీద అరచెయ్యి ఉంది. "వచ్చారా" అంది. అంతకు మించి ఆ రోజూ అనలేదు, ఇవాళ్టి దాకా అనలేదు. మళ్ళీ మాకు పిల్లలు కలగలేదు.

మళ్ళీ అరిచింది. ఉన్నాను లేమ్మా, ఉన్నాను, ఎక్కడికీ పోలేదు. ఎవరితో మాట్లాడుతున్నాను నేను, చాదస్తం కాకపోతే. అయినా పోను. కాలు పోతే పోనీ, నడుము విరగనీ, ఈసారి మాత్రం లేవను.

బోర్లించిన బకెట్టు మీద ఫోను మోగింది. ఎనిమిది అయినట్టుంది, ఆవిడే. ఎడమ చెయ్యి అంగుళం అంగుళం జరిపి వేలి చివరతో స్పీకరు నొక్కాను.

"దించారా?" అంది, పలకరింపూ లేదు ఏమీ లేదు.

"దించాను."

ఆవిడ గొంతు మారింది. "ఇవాళ ఎన్నో రోజండీ?"

"ఇరవయ్యారు. నేను ఇరవై అయిదనుకున్నాను."

"మీ బాయిలరు లెక్క నా కోడికి పెట్టారా!" నెత్తీ నోరూ కొట్టుకుంటోందని నాకు ఇక్కడికే కనిపించింది. "అదెక్కడుంది ఇప్పుడు? గుడ్లెక్కడున్నాయి?"

చెప్పాను. కోడి ఎక్కడుందో, గుడ్లు ఎక్కడున్నాయో. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎంతసేపట్నుంచి?" అంది మెల్లగా.

"ముప్పావు గంట. ఒకటి అరుస్తోంది."

"అరుస్తోందా? అయితే వినండి. ఆ అరిచేదాన్ని బయటికి తీయండి. గుమ్మంలో అరచేతిలో పెట్టి పట్టుకోండి."

"చలికి చస్తుందే!"

"చలి తగిలితే గట్టిగా ఏడుస్తుంది. ఏడిస్తేనే తల్లికి వినపడుతుంది. మీ ఒంట్లో దాచుకుంటే ఎలా వినపడుతుందండీ, ఎంతసేపని దాస్తారు?"

నా వల్ల కాదన్నాను. అవుతుంది, తీయండి అంది. ఫోను పెట్టేయకండి అంది. కుడి చెయ్యి బనీనులోకి పోనిచ్చి, వెచ్చగా ఉన్నదాన్ని, నున్నగా ఉన్నదాన్ని, చిన్న చిన్న గోధుమరంగు మచ్చలున్నదాన్ని వెలుతురులోకి తీశాను. కూర్చున్నచోటు నుంచే తలుపు తోసి చెయ్యి బయటికి చాపాను. చలి కోసుకుపోయింది. ముందు ఏమీ లేదు. ఊరుకుంది. చచ్చిపోయిందనుకున్నాను, చంపేశాననుకున్నాను, చెయ్యి వెనక్కి తీసుకోబోయాను, "తీయకండి" అంది ఆవిడ అంత దూరం నుంచి, చూస్తున్నట్టే. అప్పుడు ఏడ్చింది. అబ్బ, ఏం ఏడుపది. అంత గుడ్డులోంచి అంత గొంతు ఎలా వస్తుంది, షెడ్డంతా, వాకిలంతా, గోడ అవతలికీ వినిపించేలా. మూసెయ్యాలనిపించింది అరచెయ్యి. మూయలేదు. రేకుల మీద గోళ్ళ చప్పుడు ఆగిపోయింది.

అది దిగడం నేను చూడలేదు, నేల మీద దబ్బుమన్న చప్పుడు విన్నాను. చుట్టూ చూడలేదు, నడక లేదు, దర్జా లేదు, మెడ చాచుకుని ఒకటే పరుగు. నేరుగా నా అరచేతి దగ్గరికి వచ్చి తల వంచి ఏదో అంది, ఇన్నాళ్ళూ దాని నోట నేను వినని చిన్న గొంతుతో, గుడ్డు బదులు చెప్పింది. నా మోకాలు మీంచి ఎక్కి పెట్టెలోకి దిగింది. ఒక్కొక్కటే దాని పొట్ట కిందికి జరిపాను. ప్రతి గుడ్డుకీ ఒకసారి పొడిచింది. పొడవనీ, బాకీ ఉంది. తొమ్మిదోది పెట్టాక రెక్కలు సర్దుకుని, ఈకలు ఉబ్బించి, నేనక్కడ లేనట్టే కళ్ళు మూసుకుంది. నా పొట్ట ఒక్కసారిగా చల్లబడింది.

"కూర్చుందా?" అంది ఆవిడ.

"కూర్చుంది. పిలవగానే వచ్చిందే." తరవాత నా నోరు ఆగలేదు. "నేను రాలేదు. నువ్వు పిలిస్తే నేను రాలేదు. రిలీవరు రాలేదు గానీ ఫైర్‌మన్ ఉన్నాడు. పొమ్మన్నాడు. భయపడ్డాను."

వాళ్ళక్క వెనక నుంచి ఏదో అడిగింది, ఉండవే అక్కా అంది.

"నాకు తెలుసు. ఆయన మర్నాడే వచ్చి చెప్పిపోయాడు, వాణ్ణి తిట్టకమ్మా అని."

"మరి ఎన్నడూ అడగలేదే?"

"అడిగితే మీరు రిలీవరు రాలేదనే చెప్పేవారు. అది వినడం నాకిష్టం లేదు."

"కోపం లేదా?"

"ఎందుకుండదూ? ఇప్పటికీ ఉంది. పోదది." తరవాత తనే అందుకుంది. "వార్డు కుంపటైపోయిందండీ ఆ పొద్దున. చెమటలు కక్కుతున్నారు అందరూ. నర్సులు కిటికీలు తీయబోయారు. నేను తీయనివ్వలేదు, మంచం దిగి వెళ్ళి అడ్డం నిలబడ్డాను."

"ఎందుకూ?"

"మీరు పంపిస్తున్నది బయటికి ఎలా పోనిస్తాను?"

అటు నుంచి ఆవిడ ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఫోను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.